ఏడుకోటవారి స్తంభం, నాలుగో ముఖం

ముక్కూ మొహం తెలియని వాళ్ళు అమెరికాకి రానూపోనూ టికెట్ పంపుతామంటే మామూలు మనుషులు సంతోషిస్తారు. నేను ఆ ఈమెయిల్‌ని మూడుసార్లు చదివి, ఇందులో తిరకాసు ఎక్కడుందా అని వెతికాను. రాజమండ్రిలో మా పక్కింటి లక్ష్మి కూడా, "ఊరక రారు మహాత్ములు అంటారు. మరి ఊరక పిలిచేవాళ్ళు ఉంటారాండీ?" అంది. నా అనుమానమూ అదే.

అనుమానించడం నాకు ఉద్యోగంతో వచ్చిన గుణం. ముప్పై నాలుగేళ్ళు పాత శాసనాలు చదివాను. రాయిని కడిగి, తడి కాగితం అంటించి, బిరుసు కుంచెతో బాది, పైన సిరా అద్దితే అక్షరాలు తెల్లగా, చుట్టూ నల్లగా అచ్చు పడుతుంది. దాన్ని చదివి రిపోర్టు రాయడం నా పని. రాళ్ళు అబద్ధం చెప్పవని చాలామంది నమ్ముతారు. రెడ్డి రాజుల కొలువులో శివుడికి అఖండ దీపం పెట్టిన దొర, ఒరిస్సా గజపతులు దక్షిణానికి దిగగానే 'పాత్ర' అని బిరుదు తగిలించుకుని జగన్నాథుడి భక్తుడైపోతాడు. విజయనగర రాయల సైన్యం రాగానే వాళ్ళ మనవడు మాది చంద్రవంశం అని చెక్కిస్తాడు. ఒకే కుటుంబం, మూడు రాజ్యాలు, మూడు పుట్టుకలు. ఇలాంటివి చూసి చూసి, గుళ్ళో ఎవరైనా అర్చన చేయిస్తూ గోత్రం చెప్పినా నాకు నమ్మబుద్ధి కాదు.

ఆ ఈమెయిల్ టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి వచ్చింది. పంపింది ఏడుకోట వంశ సమితి అధ్యక్షుడు రాజారావు గారు. ఏడుకోట అనే ఇంటిపేరు గలవాళ్ళు అమెరికాలో చాలామందే ఉన్నారట. అందరూ కలిసి వంశవృక్షం పుస్తకం వేస్తున్నారు. దానికి ఆధారం గోదావరి పక్కన ఒక పల్లెలో ఒకప్పుడు ఉన్న నాలుగు ముఖాల స్తంభం మీది శాసనం; మూడు ముఖాల మీద ఒక చంద్రవంశపు దొర వంశావళి ఉంది. ఉద్యోగంలో చేరిన ఏడాదే, ఇరవై ఆరేళ్ళ వయసులో, దాని మీద నేను రిపోర్టు రాశాను. ఆ తర్వాత రోడ్డు వెడల్పు చేసినప్పుడు స్తంభం కంకరలో కలిసిపోయింది. ఆఫీసులో దాచిన అచ్చులు చెదలు తినేశాయి. ఇప్పుడు మిగిలింది నా రిపోర్టు ఒక్కటే. పుస్తకం మొదటి పేజీలో నా సంతకం కావాలన్నారు.

అసలు సంగతి ఈమెయిల్ చివర్లో ఉంది. వర్జీనియాలో షాంటిలీ అనే ఊళ్ళో కూతురి దగ్గరుంటున్న డేనియల్ అనే పెద్దాయన, తమదీ ఏడుకోట ఇంటిపేరేనని, తమ కుటుంబాన్ని కూడా వృక్షంలో వేయాలని అర్జీ పెట్టుకున్నాడు. ఆయన దగ్గర ఏదో పాత కాగితం ఉంది. అది అసలో నకిలీయో నేను తేల్చాలి. అవునంటే ఆయన పేరు పుస్తకంలో ఉంటుంది, కాదంటే ఉండదు. "మీ మాటే ఫైనల్ మేడమ్" అని రాశారు. నా మాటే ఫైనల్ అని ఎవరైనా అన్నారంటే, ఆ మాట ఏమిటో వాళ్ళు ముందే అనుకుని ఉన్నారన్నమాట. అయినా బయల్దేరాను.

కుంచె తెచ్చిన తంటా

వాషింగ్టన్ విమానాశ్రయంలో నా పచ్చళ్ళ సీసాల జోలికి ఎవరూ రాలేదు. నా కుంచెని పట్టుకున్నారు. రిటైరై నాలుగేళ్ళయినా ఎక్కడికెళ్ళినా దాన్ని సంచిలో పెట్టుకోవడం నా అలవాటు. ఆఫీసర్ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది ఏ జంతువు వెంట్రుక అని అడిగాడు. తెలియదన్నాను. దేనికి వాడతావన్నాడు. రాళ్ళని కొట్టడానికి అన్నాను. నా ఇంగ్లీషులో ఆ మాట నేను అనుకున్నదానికంటే ప్రమాదకరంగా వినిపించి ఉంటుంది. ఇంకో ఆఫీసరమ్మ వచ్చింది. ఆవిడ నన్ను అనుమానంగా చూస్తే నేను ఆవిణ్ణి అంతకంటే అనుమానంగా చూశాను. కుంచెని ఎక్కడికో తీసుకెళ్ళి, అరగంట తర్వాత తెచ్చి నా చేతిలో పెట్టారు.

బయట డేనియల్ గారి కూతురు గ్రేస్ కారు తెచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు.

"వందనాలండి. మీకు హోటల్ ఎందుకండీ, బుకింగ్ క్యాన్సిల్ చేసేస్తాను. మా ఇంట్లోనే ఉండండి."

"వద్దమ్మా. మీ నాన్నగారి కాగితం నేను తేల్చాలి. మీ ఇంట్లో తిని తేలిస్తే బాగుండదు."

"సరే జడ్జి గారూ" అని నవ్వింది.

ముందు సీట్లో డేనియల్ గారు కూర్చుని ఉన్నారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, రిటైరైన స్కూలు టీచరు, ఇస్త్రీ చేసిన తెల్ల షర్టు, జేబులో పెన్ను. వెనక్కి తిరిగి, "నన్ను గుర్తుపట్టారా మేడమ్?" అన్నారు.

గుర్తుపట్టలేదన్నాను. నిజానికి ఆ గొంతు వినగానే గుర్తుపట్టాను. ఆ స్తంభం ఉన్న పల్లెలో, ఆ స్తంభాన్ని ఆనుకుని గోడ కట్టిన ప్రార్థన మందిరానికి ఆయన సంఘ పెద్ద. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఒక రోజంతా ఆయన్ని చూశాను. ఇంకేమీ అడగకుండా ఆయన కిటికీ వైపు తిరిగారు.

షాంటిలీ

ఈ ఊళ్ళో ఇళ్ళకి పేర్లుండవు, నంబర్లుంటాయి. మన దగ్గర గేటు మీద ఇంటాయన పేరు, డిగ్రీ, చేసిన ఉద్యోగం, పక్కన రిటైర్డ్ అన్న మాటా ఉంటాయి. ఇక్కడ పక్కింట్లో ఎవరున్నారో తెలుసుకోవడానికి ఏ దారీ లేదు. ఎవరూ ఎవరి గురించీ అడగరు. ఇంతమంది ఇంత మర్యాదగా ఉండటం నాకు తేడాగా అనిపించింది.

శనివారం గ్రేస్ నన్ను ఇండియన్ కొట్టుకి తీసుకెళ్ళింది. గోంగూర కట్ట మూడు డాలర్లకి ఒక్క సెంటు తక్కువ. మా వీధిలో కూరలమ్మే అప్పాయమ్మ కొసరుగా వేసే కరివేపాకుకి ఇక్కడ ప్లాస్టిక్ డబ్బా, దాని మీద ధర చీటీ. మనమే సరుకులు చూపించి డబ్బు కట్టే మిషన్ దగ్గర నేను నా చేతిసంచిని పక్కనున్న పళ్ళెం మీద పెట్టాను. అది తూకమట. మిషన్ ఎర్ర దీపం వెలిగించి, ఆగమని అరిచి, మనిషిని పిలిచింది. కొట్టులో అందరూ నా వైపు చూశారు. ఏ తప్పూ చేయకపోయినా సంచి తెరిచి చూపించాను.

"మీరు చూపించక్కర్లేదండి, అది అందరినీ అలాగే అంటుంది" అంది గ్రేస్.

మందిరం తర్వాత భోజనం

ఆదివారం వాళ్ళ తెలుగు ఆరాధన ఒక స్కూలు హాల్లో జరిగింది. హాలు వారానికి మూడు గంటలు అద్దెకి తీసుకుంటారు. బాస్కెట్ బాల్ గీతల మీద కుర్చీలు వేసి, ఆడవాళ్ళు పమిటలు తల మీదికి లాక్కుని, మా గోదావరి యాసలో పాటలు పాడుతుంటే నేను కాసేపు ఎక్కడున్నానో మరిచిపోయాను. పాస్టరుని అయ్యగారు అంటున్నారు, ఊళ్ళో అన్నట్టే. పిల్లలు మాత్రం ఆమెన్‌ని అమెరికా వాళ్ళలా పలుకుతున్నారు. అయిపోయాక ప్రతివాళ్ళూ వచ్చి వందనాలండి అని చెయ్యి కలిపారు. డేనియల్ గారి కాగితం సంగతి అందరికీ తెలుసని వాళ్ళ చూపుల్లోనే తెలిసిపోయింది.

హోటల్లో తింటానన్నా గ్రేస్ వినలేదు. కోడి పలావు, పప్పుచారు, దోసకాయ పచ్చడి చేసింది. నేను ఏమీ ముట్టుకోకుండా ముందు కాగితం చూపించమన్నాను. డేనియల్ గారు లోపలికెళ్ళి అట్టగొట్టం తెచ్చారు. అందులోంచి డ్రాయింగు కాగితాలు జిగురుతో అతికించిన పొడుగాటి చుట్ట తీసి భోజనాల బల్ల మీద పరిచారు.

దీపపు మసితో తీసిన అచ్చు అది. స్తంభం నాలుగో ముఖం.

"రోడ్డు కోసం స్తంభం కొట్టేస్తారని తెలిసి, ముందు రోజు ఆ ముఖం మీది మందిరం గోడ పగలగొట్టించి తీశానండి. మీరు ఆ రోజు చేసినట్టే చేశాను. కుంచె లేదు, బూట్ల బ్రష్షుతో బాదాను" అన్నారు.

నేను గంటసేపు అందులో మోసం వెతికాను. అక్షరాల వాలు చూశాను, ఉలి జారిన చోట్లు చూశాను. చివరికి నా పాత నోటుబుక్కు తీశాను. మూడో ముఖం మీద పద్నాలుగో పంక్తి దగ్గర ఒక బీట ఉంది. అది అంచు దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఆ చీలికని నోటుబుక్కులో బొమ్మ గీసుకున్నాను, ఎక్కడా ప్రచురించలేదు. డేనియల్ గారి కాగితంలో అదే ఎత్తులో, ఆ రెండు పాయలూ ఇవతలి ముఖం మీదికి నడిచి వచ్చాయి. ఇది ఎవరూ ఊహించి గీయలేరు. కాగితం అసలుది.

చదివాను. గోల్కొండ సైన్యం దగ్గరికొచ్చిన రోజుల్లో వేసినట్టుంది. కోట దొర చనిపోయాడో పారిపోయాడో చెప్పలేదు. కోటని నిలబెట్టింది ఏడిళ్ళవాళ్ళు. తలుపు కాచే ఇల్లు, గుర్రాల ఇల్లు, నీళ్ళ ఇల్లు, బాకా ఇల్లు, కమ్మరం ఇల్లు, ధాన్యం ఇల్లు, డాళ్ళకి తోలు బిగించే ఇల్లు. ఇక మీదట ఏ రాజు వచ్చినా ఈ ఏడిళ్ళదీ ఒకటే పేరు. వీరిలో ఒకరిని కాదన్నవాడు అరవై వేల ఏళ్ళు పురుగై పుడతాడు. అంటే ఏడుకోట అన్నది ఒక దొర రక్తం కాదు. ఏడిళ్ళు కలిసి పెట్టుకున్న పేరు.

"మాది తోలు ఇల్లు మేడమ్" అన్నారు డేనియల్ గారు. "మా తాత దాకా అదే పని. ఆయన మిషన్ స్కూల్లో చదువుకుని పేరు మార్చుకున్నాడు. ఇంటిపేరు మార్చుకోలేదు. గ్రేస్ పెళ్ళి శుభలేఖ చూసి ఒక పెద్దమనిషి, ఈ ఇంటిపేరు మీకెక్కడిదయ్యా అని నా మొహం మీదే అడిగాడు. నేనేదో దొంగిలించినట్టు. నాకు చంద్రవంశం అక్కర్లేదండి. దొంగిలించలేదని ఎక్కడో ఒకచోట అచ్చులో ఉంటే చాలు."

తర్వాత ఆయన చాలా నెమ్మదిగా, "నాలుగో ముఖం పూర్తిగా అరిగిపోయింది, చదవడానికి వీలు లేదు అని రాశారు మీరు" అన్నారు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను కొంగు సర్దుకున్నాను.

"ఆ రోజు గోడ పగలగొట్టిస్తానన్నాను. మీరు వద్దన్నారు. బస్సుందన్నారు."

"మబ్బు పట్టింది కదండీ" అన్నాను.

"పట్టింది. మా అమ్మ కోడి కోసింది."

నేను మళ్ళీ కాగితం మీదికి వంగాను. ఇక్కడ మాత్రం నిజం రాస్తాను. మబ్బు పట్టింది, ఆఖరి బస్సూ ఉంది. కానీ నేను ఆ గోడ వద్దన్నది అందుకు కాదు. గోడ పగలగొట్టేసరికి సాయంత్రమవుతుంది, ఆ పేటలో వాళ్ళింట్లో అన్నం తినాల్సి వస్తుంది. అప్పటికే వాళ్ళమ్మ మంచినీళ్ళ చెంబు ఇస్తే దాహం లేదన్నాను, పొద్దుటి నుంచీ గొంతు ఎండిపోతున్నా. బస్సెక్కి, చూడని ముఖాన్ని అరిగిపోయిందని రాసేశాను. ముప్పై ఎనిమిదేళ్ళు ఎవరూ అడగలేదు. నాకే సిగ్గుగా ఉంది రాయడానికి.

గ్రేస్ పలావు చల్లారిపోతోందంది. ముగ్గురం తిన్నాం. ఉప్పు కారం సరిగ్గా ఉన్నాయి. డేనియల్ గారు ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు, నన్నేమీ అడగనూ లేదు. కాగితం చుట్టి నా చేతికిచ్చారు. ఆ నమ్మకం చూసి నాకు భయం వేసింది.

రెడ్‌మండ్

సమితి వాళ్ళ వంశవృక్షం కంప్యూటర్లో పెట్టే పని రెడ్‌మండ్‌లో ఉండే హారికది. హైదరాబాద్ పిల్ల, ఇంటిపేరు ఏడుకోటే, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. కాగితాన్ని స్కాన్ చేయించమని సమితి నన్ను అక్కడికి పంపింది. సన్నటి వాన కురుస్తూనే ఉంది. ఎవరూ గొడుగు వేసుకోరు. వానలో గొడుగు తెరిస్తే బయటి ఊరి మనిషని తెలిసిపోతుందట. నేను నా నల్లగొడుగు తెరిచాను.

కాఫీ దుకాణంలో ఒక కాఫీ ఆరు డాలర్లు. దాని కోసం నా పేరు అడిగి గ్లాసు మీద రాశారు. కాఫీకి పేరెందుకో అర్థం కాక, లక్ష్మి అని పక్కింటావిడ పేరు చెప్పాను. తీరా లక్ష్మి అని పిలుస్తుంటే నేను కదల్లేదు. హారిక వెళ్ళి తెచ్చింది, పడీ పడీ నవ్వింది.

"ఆంటీ, కాఫీ తాగనీకి కూడా ఫేక్ ఐడీనా?"

ల్యాప్‌టాప్ తెరిచి వృక్షం చూపించింది. కింద రాజారావు గారి మనవలు, పైన పైన తాతలు, అందరికంటే పైన ఒక్క మూలపురుషుడు, చంద్రవంశం. ఏ పేరు మీద నొక్కినా పక్కన ఒక గడి తెరుచుకుంటోంది. దాంట్లో ఆధారం రాయాలి.

"సోర్స్ లేకుంటే సిస్టమ్ ఎంట్రీ తీస్కోదు ఆంటీ. నేనే అట్ల పెట్టిన. అందుకే అందరికీ మీ రిపోర్టే పెట్టిన."

ఒక్కో పేరు నొక్కి చూపించింది. అన్నిటికీ పక్కన నా పేరే వచ్చింది.

"మా డాడీ చెప్పిండు, మీరు కళ్లతోని చూడనిది రాయరంట కదా" అంది.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఇంతకాలం ఊరూరా తిరిగి ఎవరి వంశావళిలో ఎక్కడ బొంకు ఉందో వెతికి పట్టుకున్నదాన్ని. ఈ తెర మీద ఇంతమంది పుట్టుక నా మాట మీద నిలబడి ఉంది. అక్కడే ఆ పిల్లకి చెప్పేద్దామనుకున్నాను. కాఫీ బాగుందమ్మా అన్నాను. కాఫీ చేదుగా ఉంది.

ఫ్రిస్కో

ఫ్రిస్కోలో అన్నీ కొత్త ఇళ్ళే. చెట్లు కూడా నిన్న నాటినట్టున్నాయి. రాజారావు గారి ఇంట్లో దిగాను. హాల్లో గోడ మీద నిలువెత్తు ముద్ర ఉంది, ఏడు బురుజులు, మధ్యలో సింహం, పైన చంద్రుడు. పాతదా అని అడిగితే ఆయన కాస్త తడబడి, మా అబ్బాయి ఆన్‌లైన్‌లో డిజైన్ చేయించాడండి అన్నారు. ఆ ఒక్క మాటకి ఆయన మీద కొంచెం ఇష్టం కలిగింది.

ఆయన భార్య కామేశ్వరి గారు నన్ను కూర్చున్న చోటి నుంచి లేవనివ్వలేదు. గుత్తి వంకాయ, ముద్దపప్పు, ఆత్రేయపురం నుంచి విమానంలో వచ్చిన పూతరేకులు. ఒక పూతరేకు చాలంటే మూడు వేశారు. ఇంత మర్యాద వెనక ఏముందో అని ఎదురుచూస్తూనే తిన్నాను. మూడో పూతరేకు అయ్యేసరికి అది బయటికి వచ్చింది.

"మేడమ్, మీరు పెద్దగా ఏమీ రాయక్కర్లేదు" అన్నారు రాజారావు గారు. "నాలుగో ముఖం అరిగిపోయిందని మీరే రాశారు కదా. అరిగిపోయిన దానికి అచ్చెలా వస్తుంది? కాబట్టి ఆయన కాగితం ఫేక్. రెండు లైన్లు చాలు."

నా అబద్ధం డేనియల్ గారి నిజాన్ని నకిలీ చేస్తోందని అప్పుడు పూర్తిగా తలకెక్కింది.

"డేనియల్ గారంటే మీకు కోపమా?" అన్నాను.

"అబ్బే, పెద్దాయన. మంచివారని విన్నాను. కానీ మనవాళ్ళు కాదు కదండీ."

ఆ 'మనవాళ్ళు'లో ఏముందో తెలుగువాళ్ళకి నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ మాటలో నన్నూ కలిపేశారాయన. రేపు సభలో చెబుతానన్నాను.

క్లబ్ హౌస్‌లో శనివారం

సభ వాళ్ళ కాలనీ క్లబ్ హౌస్‌లో, పొద్దున పదిన్నరకి. స్టేజీ మీద రిబ్బను కట్టిన పుస్తకాల నమూనా ఉంది. ఇంకా అచ్చుకి పోలేదు, నా పేజీ కోసం ఆగింది. హారిక రెడ్‌మండ్ నుంచి వచ్చి ల్యాప్‌టాప్‌తో ముందు వరసలో కూర్చుంది. డేనియల్ గారు, గ్రేస్ చివరి వరసలో తలుపు పక్కన కూర్చున్నారు. ఎవరూ వాళ్ళని అక్కడ కూర్చోమనలేదు. ఎవరూ ముందుకి రమ్మనీ అనలేదు.

రాజారావు గారు నా రిపోర్టులోని ఆ అరిగిపోయిన ముఖం వాక్యాన్ని మైకులో చదివారు. మిగిలింది మేడమ్ గారే చెబుతారని మైకు నాకిచ్చారు.

"నాలుగో ముఖం అరిగిపోలేదు" అన్నాను. "గోడలో ఉంది. గోడ తీయిస్తామని ఆ ఊరివాళ్ళు అన్నా నేను వద్దన్నాను. వాళ్ళ పేటలో అన్నం తినాల్సి వస్తుందని వెళ్ళిపోయాను. చూడకుండా అరిగిపోయిందని రాశాను. డేనియల్ గారి కాగితం అసలుది."

బీట సంగతి చెప్పాను, నోటుబుక్కు చూపించాను. ఏడిళ్ళ పేర్లూ చదివాను. తోలు ఇల్లు అన్నప్పుడు హాల్లో కుర్చీలు కదిలాయి.

రాజారావు గారు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. మైకు అక్కర్లేనంత దగ్గరికొచ్చి, "అయితే మేడమ్, మిగతా మూడు ముఖాలైనా చూశారా?" అన్నారు.

ఎవరో నవ్వారు.

"చూశాను."

"ప్రూఫ్ ఏంటండీ?" అని మధ్య వరసలోంచి ఒకాయన అడిగాడు. నోటుబుక్కు ఎత్తి చూపించాను. "అది మీరు రాసుకున్నదే కదా" అన్నాడు. స్తంభం లేదు, అచ్చులు లేవు. అందరూ నన్ను చూస్తున్నారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ముప్పై నాలుగేళ్ళు నేను అందరినీ చూసిన చూపే. దాని కింద నిలబడితే ఎలా ఉంటుందో మాత్రం ఆ రోజే తెలిసింది.

చివరి వరసలో డేనియల్ గారు లేచారు.

"చూశారండి" అన్నారు. "మూడు ముఖాలూ చూశారు. తొమ్మిది అడుగుల స్తంభం. ఒక్కో దానికి రెండు గంటలు పైనే పట్టింది. పొద్దుటి నుంచీ నిచ్చెన పట్టుకున్నది నేనే. తడి కాగితం జారిపోతే మళ్ళీ అంటించారు, చేతులు నాని తెల్లబడిపోయాయి ఆవిడకి. ప్రతి పంక్తీ పైకి చదివి రాసుకున్నారు, నేను విన్నాను. నాలుగోది చూడలేదు. అదీ నేనే చెబుతున్నాను."

ఆయన కూర్చోబోతుంటే గ్రేస్ ఆయన చెయ్యి పట్టుకుంది. హారిక ల్యాప్‌టాప్ మీదినుంచి తలెత్తింది.

"అంకుల్, మరి సోర్స్ ఎవరిది పెట్టాలె?" అని రాజారావు గారిని అడిగింది. "మూడు ముఖాలు చూసిన్రని చెప్పేది డేనియల్ అంకుల్ ఒక్కరే ఉన్నరు. ఆయన మాట తీస్కుంటే నాలుగోది కూడా తీస్కోవాలె. తీస్కోకుంటే మనందరి ఎంట్రీలు పోతయ్."

రాజారావు గారు స్టేజీ అంచున కూర్చున్నారు. ఆ క్షణంలో ఆయన అధ్యక్షుడిలా లేరు, తాత పేరు ఎవరో తుడిచేసిన మనిషిలా ఉన్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"మేడమ్, ఆ ఏడింట్లో మాది ఏ ఇల్లు?"

"శాసనంలో లేదండీ. ఏదైనా కావచ్చు."

ఆయన తలవంచుకునే, "ఆయన పేరే పెట్టమ్మా. అందరికీ" అన్నారు. ఇద్దరు ముగ్గురు లేచి బయటికి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు ఉన్నారు. కామేశ్వరి గారు కాఫీ గ్లాసులతో చివరి వరస నుంచి మొదలుపెట్టారు.

నేను వెళ్ళి డేనియల్ గారి పక్క కుర్చీలో కూర్చున్నాను. క్షమించమని అడగాలనుకుంటూనే కాఫీ గ్లాసు అందుకున్నాను. ఆయన కాఫీ తాగుతూ, ఎవరికీ వినిపించకుండా అడిగారు.

"ఇలాంటి గోడలు ఇంకెక్కడైనా ఉన్నాయా మేడమ్?"

"ఉన్నాయండీ" అన్నాను. "రెండు."